పరముఖమున ఆత్మకథ: ఉత్తర తెలంగాణపు కులపురాణములు, శ్రోతృచిత్తము

మన జానపద వాఙ్మయ పరిశోధనమున కులపురాణములకు లభించిన స్థానము చిత్రమైనది. పరిశోధకులు వానిని సేకరించిరి, కథాంశములను వర్గీకరించిరి, సంస్కృత పురాణములతో సరిపోల్చి యెచ్చటెచ్చట భేదించినవో చూపిరి. ఇది చేయవలసిన పనియే. కాని యీ పురాణములను వినువాడెవడు, వినుటవలన వానికేమి కలుగుచున్నది యను ప్రశ్న తఱచుగా ప్రక్కకు తొలగిపోయినది. కథ మనస్సును తీర్చిదిద్దునని అందఱము అందుము. ఏ కథ, ఎవని మనస్సును, ఎవని నోట వినబడి యట్లు తీర్చిదిద్దును అని విడదీసి యడిగినచో సమాధానము సులభము కాదు. గోదావరికి ఇరువంకల నున్న పూర్వపు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలలో ఈ విచారణకు సమృద్ధమైన యాధారము కలదు. ఆ నది యొడ్డుననే మంచిర్యాలను ఆనుకొని నస్పూరు వంటి బొగ్గుగనుల ఊరు నిలిచి, ఊళ్ళను విడిచి వచ్చినవారితో నిండిపోవుటచే ఆ ప్రశ్నకు నేడొక తొందరయు కలిగినది.

మొదట గమనింపవలసిన విషయ మిది. ఈ ప్రాంతమున ఒక కులము తన పుట్టుక కథను తాను చెప్పుకొనదు. వేఱొకరు చెప్పగా వినును. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారును చిందువారును, ముదిరాజులకు కాకిపడగలవారు, గొల్లలకు మందహెచ్చులవారు, గోండులకు ప్రధానులు, తోటీలు. చెప్పువారు ఆశ్రితులు, వినువారు దాతలు. ఏ కుటుంబమున కే యూళ్ళపై హక్కు కలదో మిరాసిగా పంచుకొనబడి యుండును. కథకుడు వచ్చినప్పుడు త్యాగ మిచ్చుట దాత ధర్మము. ఇయ్యకున్న నది లోభము కాదు, తన వంశమును తాను కాదనుకొనుట. ‘నేనెవడను’ అను ప్రశ్నకు సమాధానము నా నోట లేదు, నా వాకిట నిలిచి యడుగువాని నోట నున్నది. ఈ యేర్పాటును పరిశోధకులు ఆర్థిక సంబంధముగానో, వినోదవ్యవస్థగానో వర్ణించిరి. నా దృష్టిలో ఇది చిత్తమునకు సంబంధించిన యేర్పాటు. తక్కిన రెండును దాని వెనుకనే నడచును.

మన అలంకారశాస్త్రము ఇక్కడ కొంతదూరము తోడు వచ్చును. రసాస్వాదమునకు సహృదయుని చిత్తమున వాసనారూపమున స్థాయిభావములు ముందే యుండవలెనని అభినవగుప్తుని మతము. వాసనలు అనాదులనుటతో శాస్త్రము పని తీరినది. రతిశోకాదులు సర్వజనసాధారణములు గదా. కాని ‘నేను ఫలానా గోత్రమువాడను, నా మూలపురుషుడు ఫలానావాడు’ అను నెఱుక అట్టి సాధారణ వాసన కాదు. అది యొకానొక రాత్రి, ఒకానొక వాకిట, వినగా వినగా పట్టిన వాసన. అంతకంటె ముఖ్యమైన భేద మింకొకటి కలదు. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణమున ‘ఇది నాది, ఇది పరునిది’ అను భేదము కరగిపోవును. దుష్యంతుని యనురాగము దుష్యంతునిది కాకపోవును, ప్రేక్షకునిదియు కాకపోవును. కులపురాణమున జరుగునది దీనికి విపర్యయము. విన్నవానికి ‘ఇది నాది’ యను భావము కలుగనిచో కథ విఫలమైనట్లే. దీనిని స్వీయీకరణ మందము. కులపురాణములను కావ్యపు కొలబద్దతో కొలిచి ఇందు రసపుష్టి తక్కువయని తేల్చినవారు, తలక్రిందులుగా నడచు వస్తువును తిన్నగా నడచుట లేదని నిందించినవారగుచున్నారు.

పాశ్చాత్య మనశ్శాస్త్రమున ఈ విషయమునకు దగ్గఱగా వచ్చినది కేంబ్రిడ్జి పండితుడు ఫ్రెడరిక్ బార్ట్‌లెట్. జ్ఞాపకమును గూర్చి 1932లో వెలువరించిన గ్రంథమున అతడు ఉత్తర అమెరికా ఆదివాసుల భూతయుద్ధపు కథను ఆంగ్లేయులచే చదివించి, కొంతకాలమునకు మఱల వ్రాయించెను. చదువరులు తమ కలవాటు లేని వానిని విడిచిరి, తెప్పను పడవగా మార్చిరి, భూతములను జాఱవిడిచిరి. జ్ఞాపకము పెట్టె కాదనియు, సంస్కృతి యిచ్చిన మూసలో మఱల పోత పోయు పనియనియు దీనివలన తేలినది. గొప్ప ప్రయోగమే. అయినను అందలి చదువరి యొంటరివాడు, కథ పరాయిది. మన యెదుట నున్నది దీనికి తిరుగుడు పరిస్థితి: కథ తనది, నోరు పరాయిది, వినుట పదిమందిలో. ఈ స్థితిలో మనస్సేమి చేయునో బార్ట్‌లెట్ చెప్పలేదు. చెప్పు నవకాశ మతనికి లేదు.

పద్మశాలీల భావనాఋషి కథను చూడుడు. మార్కండేయుని యజ్ఞమున పుట్టిన భావనాఋషి పద్మపు నారతో వస్త్రము నేసి దేవతల మానము కాపాడెను. సూర్యుని కూతురు భద్రావతిని పెండ్లాడెను. కాలవాసురుని వధించెను, ఆ రాక్షసుని దేహమునుండి బట్టలకు వలసిన రంగులు పుట్టినవి. కూనపులివారు దీనిని చేర్యాల నకాషీ చిత్రకారులు వ్రాసిన పొడుగాటి పటమును విప్పుచు, పుల్లతో బొమ్మను చూపుచు చెప్పుదురు. కథ చివరకు నూటయొక్క గోత్రముల యొద్దకు వచ్చును. వినువాడు తన గోత్రనామము వచ్చుదాక మేలుకొని యుండును. పటముమీది ఋషికిని, మగ్గపు గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్న తనకును నడుమ నున్న దూరము ఆ యొక్క మాటతో దాటబడును. పటము జీర్ణించినప్పుడు దానిని పాఱవేయరు; మనిషి కుత్తరక్రియలు చేసినట్లు చేసి నీట కలుపుదురు. పటము బొమ్మల వరుస మాత్రమే కాదని ఆ కులమువారికి తెలియును.

ఇచ్చట నొక మాట చెప్పక తప్పదు. నేతగాడు దేవతలకు బట్ట కట్టినవాడను పురాణము సిరిసిల్ల నేతకార్మికుని కూలిని ఒక పైసయు పెంచలేదు. 1990వ దశకపు చివరను, ఆ తరువాతి యేండ్లలోను అచ్చటి మరమగ్గముల నడుమ జరిగిన యాత్మహత్యలను ఎవరును మఱవలేదు. కథ మనస్సునకు వెన్నెముక యగునని చెప్పువారు ఆ వెన్నెముక మోయలేని బరువులు కలవని గూడ చెప్పవలెను.

మాదిగల జాంబపురాణమున విషయము మఱింత చిక్కనిది. ఇచ్చట కొంత నిలువవలసి యున్నది. భూమి పుట్టకముందే జాంబవుడు పుట్టెననుట దీని యారంభము. నీరు తప్ప వేఱేమియు లేని కాలమున ఉన్నవాడు, దేవతలకంటె పెద్దవాడు, సృష్టికి సాక్షి. తరువాత పతనము. కామధేనువు మరణము, దాని మాంసమును వండుట, ఆ వంటలో జరిగిన యొక పొరపాటు, దేవతల కోపము. కథాభేదము లనేకము, కాని పెద్దఱికము మొదట, జాఱుట తరువాత అను క్రమము అన్నిట నొక్కటే.

ఈ క్రమమును మనస్సు దృష్టితో పరిశీలించినచో రెండు ఫలితములు కనిపించును. విరాట్పురుషుని యవయవములనుండి వర్ణములు పుట్టినవను కథలో ఎవని స్థానము వానికి పుట్టుకతో వచ్చినది. దానికి ముందన్నది లేదు. జాంబపురాణమున స్థానము ఒక సంఘటన వలన వచ్చినది. సంఘటన జరిగినదన్న దానికి ముందొక స్థితి యున్నదన్నమాట. ఈ ‘ముందు’ అనునది శ్రోత చిత్తమున నిలిచిపోవును. తానున్న స్థితి తన స్వభావము కాదు, తనకు జరిగినది మాత్రమే. ఇట్టి యెఱుక నిచ్చు కథను వినుచు పెరిగినవానిని అవమానము పూర్తిగా లోబఱచుకొనలేదు.

రెండవ ఫలిత మింత సంతోషకరము కాదు. జరిగిన పొరపాటు తన పూర్వునిదే యని కథ చెప్పుచున్నది. పెట్టినవారి దోషము పడినవాని చేతిలో పెట్టబడినది. శ్రోత పెద్దఱికముతోపాటు తప్పును గూడ తనదిగా స్వీకరింపవలసి వచ్చును. స్వీయీకరణము ఏఱివేత నెఱుగదు. కులపురాణములు అణగినవారి ఆత్మగౌరవ పతాకములని మెచ్చుకొను నవీన విమర్శకులు మొదటి ఫలితమునే చూపుదురు. అవి బానిసత్వమును జీర్ణింపజేయు మందులని తీసివేయువారు రెండవదానినే చూపుదురు. రెండును ఒకే రాత్రి, ఒకే చెవిలో పడుచున్నవని యొప్పుకొనుట యుభయులకును కష్టముగ నున్నది. 1917లో బెజవాడ సభకు అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ మొదలగువారు ‘ఆది’ శబ్దమును తమ ప్రజల పేరునకు ముందుంచిరి. 1931 నాటికి నిజాము రాజ్యపు జనాభా లెక్కలలో ఆదిహిందువులను పేరు చోటు చేసికొన్నది. వారి వాదమునకు జాంబపురాణమే మూలమని నేననను. కాని రెంటి తీరును ప్రక్కప్రక్కన పెట్టి చూచిన, పురాణమున నున్న ‘ముందు’ ను ఉంచుకొని, ‘పొరపాటు’ ను విడిచిపెట్టిన రూపముగా నా వాదము కనబడును. కథలోని యొక భాగమును నిరాకరించుట గూడ కథ నేర్పిన పద్ధతిలోనే జరిగినది.

ఈ కథను చెప్పువా రెవరను ప్రశ్న యింకను మిగిలినది. చిందువారు దీనిని ఆటగా ఆడుదురు, అందు జాంబవునకును బ్రాహ్మణునకును వాదము నడచును, ఊరంతయు చూచును. కనుక మాదిగ శ్రోత తన పెద్దఱికమును తాను వినుటయే గాక, ఇతరులు వినుచుండగా వినును. డక్కలివాని తీరు వేఱు. అతడు మాదిగవాడ వెలుపల దిగును, మాదిగలకే అతడంటరానివాడు. కిన్నెర మీటుచు ‘నీవు భూమికంటె ముందు పుట్టినవాడవు’ అని చెప్పువానిని విన్నవాడు తాకనియ్యడు. తనకు లోకము చేయుచున్న దానినే తాను తన కథకునకు చేయును. జాంబపురాణము ఎన్నో సంగతులకు కారణము చెప్పును. శ్రోత యొక్క యీ ప్రవర్తనమును మాత్రము ప్రశ్నింపదు. పాఠమును మాత్రమే సేకరించి, పాడినవాడెచ్చట నిలుచుండి పాడెనో వ్రాయని సంకలనములలో ఈ విషయము కనబడనే కనబడదు.

గోదావరికి ఉత్తరమున కొండలలోనికి పోయినచో ఇదే యేర్పాటు మఱింత స్పష్టముగ కనిపించును. శ్రీశెంబు గుహలో బంధించిన గోండు దేవతలను పహండి కుపార్ లింగాల్ జంగుబాయి సాయముతో విడిపించి, నాలుగు సగలుగా విభజించి, ఏడు దేవతలవారు, ఆఱు దేవతలవారు, ఐదు దేవతలవారు, నాలుగు దేవతలవారు అని యేర్పఱచెనని కథ. నేటికిని పెండ్లి యెవరితో కూడును, ఎవరితో కూడదు అను నిర్ణయము ఆ గుహకథమీదనే యాధారపడి యున్నది. కథ యిచ్చట నమ్మకము మాత్రమే కాదు, వ్యాకరణము. మెస్రము వంశమువారు పుష్యమాసమున కేస్లాపూరు నాగోబాను అర్చించుటకై గోదావరి జలమును కాలినడకన తెత్తురు. ఆ నీరు జన్నారము మండలమున కలమడుగు చెంతనున్న హస్తినమడుగుది. ఆ వంశమున క్రొత్తగా మెట్టిన కోడండ్రకు అచ్చట దేవునితో ‘భేటి’ చేయింతురు. అది జరుగువఱకు ఆమె ఇంటికి కోడలే గాని వంశమునకు కాదు. ఒక స్త్రీ వయసు వచ్చిన తరువాత, ఒక రాత్రి, ఒక కథలోనికి ప్రవేశపెట్టబడుచున్నది. మనస్సును కథ తీర్చుట యనునది బాల్యముతో ముగియుననుకొనువారు దీనిని గమనింపవలెను.

ఈ గోండు కథలను చెప్పువాడు ప్రధాను. ఆదిలాబాదు ప్రధానుల యింటిభాష మరాఠీ యనియు, పాడుట మాత్రము గోండీలోననియు హైమన్‌డార్ఫ్ గుర్తించెను. ఒకజాతి జ్ఞాపకము మఱియొక భాషలో కలలు కనువాని కంఠమున భద్రపఱుపబడి యున్నది! 1948లో వెలువడిన ఆదిలాబాదు రాజగోండుల గ్రంథపు ప్రథమ సంపుటమున హైమన్‌డార్ఫ్ పురాణమును, పూజను విడదీయక కలిపి వ్రాసినాడు. ఇది యాయన గొప్పతనము. పాట యెప్పుడు, ఏ పూజలో, ఎవరి యెదుట పాడబడెనో చెప్పుట వలన ఆయన యనువాదములో శ్రోత కొంత కనబడుచున్నాడు. మన తెలుగు సేకరణములు ఈ విషయమున వెనుకబడినవి. బిరుదురాజు రామరాజుగారి తెలుగు జానపద గేయ సాహిత్యము వంటి మార్గదర్శక గ్రంథము వెలువడి ఆఱు దశాబ్దములు దాటినను, ఆ బాటలో నడచినవారు గేయమును పట్టుకొన్నంతగా చెవిని పట్టుకొనలేదు.

ఇక నస్పూరు. సింగరేణి సంస్థవారి శ్రీరాంపూరు గనుల ప్రాంత మిది. 2016లో ఆదిలాబాదునుండి విడివడిన మంచిర్యాల జిల్లాకు కలెక్టరు కార్యాలయము గూడ ఇచ్చటనే యున్నది. బొగ్గుబాయిలో దిగుటకు నదికి ఇరువైపుల పల్లెలనుండి అన్ని కులములవారును వచ్చిరి. గోండు గూడెములు, నేతవాడలు, మాదిగవాడలు వెనుక నుండిపోయినవి. మిరాసి యూరికి కట్టుబడినది. మనిషి ముస్టరుకు కట్టుబడినాడు. డక్కలివాడు వాడకు వచ్చి ఫలానావాని యిల్లేదని యడుగగలడు. క్వార్టరు సంఖ్యలో నుండువానిని ఏ గోత్రమున వెదకును? మూడు షిఫ్టుల ఊరిలో రాత్రి యంతయు కూర్చుండు రాత్రి యెవరికి మిగులును? కథకుని ఎవరును వెళ్ళగొట్టలేదు. అతడు నిలుచుండుటకు వాకిలి లేకపోయినది.

దేవత మాత్రము వలస వచ్చినది. తెలంగాణమున మైసమ్మ చెఱువుకట్టకు కావలి; కట్టమైసమ్మ యని పేరే కలదు. గనుల మొగసాలలయందు గుడి కట్టుకొన్న మైసమ్మ ఆమెయే. చెఱువుకట్ట తెగుటకును, గని కప్పు కూలుటకును భూగర్భశాస్త్రజ్ఞుడు పోలిక చూడడు. రైతు బిడ్డ చూచినాడు. బరువైనదేదో తలపై నిలిచి యున్నది, అది నిలుచుట తన చేతిలో లేదు, కావలి కాయువారొకరు కావలెను. బార్ట్‌లెట్ చెప్పిన మూస ఇదియే, కాని పుస్తకము చదువుటలో గాదు, ప్రాణభయములో పనిచేసిన మూస. క్రొత్త యనుభవమునకు పాత సంస్కృతి పేరు పెట్టుట కింతకంటె స్వచ్ఛమైన ఉదాహరణ నాకు కనబడలేదు. అయితే మైసమ్మ కాపాడును గాని ‘నీ వెవడవు’ అని చెప్పదు. ఆమె యెదుట బాయిలో దిగువారందఱు నొక్కటే. కులపురాణము పంచి యిచ్చిన పేర్లు ఆ గడపకు ఇవతలనే యాగిపోవును. ఇది నష్టమా, లాభమా? రెండవ జాతి ఫలితమును, అనగా పూర్వుని తప్పు తన మెడకు చుట్టుకొనుటను, తలచినప్పుడు లాభమనియే చెప్పవలెను. ‘ముందు’ ను తలచినప్పుడు అట్లు చెప్పుటకు నోరు రాదు.

కథకుడు విడిచిన స్థానమును రెండు వస్తువు లాక్రమించినవి. ఒకటి నవల. అల్లం రాజయ్య, సాహు కలిసి వ్రాసిన కొమురం భీము నవల, 1940లో జోడేఘాటున మరణించిన గోండు నాయకుని జీవితమును తెలుగు పాఠకలోకమున నిలిపినది. ఇందును గోండు కథ గోండుకాని వారి నోటనే వచ్చినది. ఆ మేరకు పాత సంప్రదాయమే. కాని ప్రధాను గోండునకే పాడెను. నవలాకారులు లోకమునకు చెప్పిరి. ‘నీవు’ అని పిలిచిన కథ ‘అతడు’ అని చెప్పు కథ యైనది. అందువలన భీము సర్వులకు వీరుడైనాడు, అలంకారశాస్త్ర పరిభాషలో సాధారణీకృతుడైనాడు. సాహిత్యమునకిది జయమే. స్వీయీకరణము నవలకు సాధ్యము కాదు. సాధింపలేదని నవలను తప్పుపట్టుటయు తగదు.

రెండవది, కులసంఘములు అచ్చువేయించుకొను చిన్న పుస్తకము. ఇందు కథను కులము తానే చెప్పుకొనును. స్వముఖమున చెప్పుకొన్న కథలో మూలపురుషుడు ఎన్నడును పొరపాటు చేయడు. ఎవరి యెదుటను తెల్లబోడు. నవ్వుల పాలు కాడు. ఆశ్రితుడు చెప్పిన కథలో దాతను ఎత్తుటయు కలదు, ఎత్తిపొడుచుటయు కలదు. త్యాగము తక్కువైన యేడు పాట కొంచెము కారముగ నుండుట సహజము గదా. ఆ కారము దాత చిత్తమునకు మేలు చేసెనని నా యభిప్రాయము. తన్నుగూర్చి పరుని నోట విన్నవాడు తనను కొంత దూరమునుండి చూచుకొన నేర్చును. అచ్చుపుస్తకమున ఆ దూరము లేదు, అద్ద మున్నది.

నస్పూరు కార్మికవాడలలో పనిచేయదలచిన పరిశోధక విద్యార్థి పాటలను వెదకి, దొరకలేదని తిరిగి రానక్కఱలేదు. ఎవరి తాత యే కథకునకు త్యాగ మిచ్చెను, కడపటిసారి యెప్పుడిచ్చెను, అప్పుడు తన గోత్రము వినబడినదా, వినబడినప్పుడు ఇంటిలోనివారు ఏమనిరి, పిల్లలను లేపిరా అని యడుగవలెను. శ్రోత నోట మిగిలిన తునకలే ఇప్పటికి దొరకు పాఠము. ఆశ్రితులనుగూడ వేఱుగా నడుగవలెను. లోకమునకంతటికి పుట్టుక చెప్పువానికి తన పుట్టుకను ఎవరు చెప్పుదురు? మధ్యభారతపు ప్రధానులలో ఒక కథ కలదు. గోండు సోదరులలో కనిష్ఠుడే తొలి ప్రధాననియు, దేవుని మేలుకొలుపుటకు అన్నలు చేయలేని పనిని తంత్రీవాద్యముతో చేసి చూపి, నాటినుండి అన్నల వాకిళ్ళలో పాడువాడయ్యెననియు దాని సారము. ఈ యొక్క కథను మాత్రము ప్రధాను తన నోటనే చెప్పుకొనును. అందు దాత యన్న యైనాడు, త్యాగము తమ్ముని పాలైనది.